ఇంట్లో ఫ్రిజ్ ఉందా అని అడిగాను

విజయవాడ నుంచి ఉయ్యూరు వెళ్లే దారిలో ఒక చిన్న ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నేను ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. మొదటి పన్నెండేళ్లు కామర్స్ పాఠాలు చెప్పాను. మిగిలిన పంతొమ్మిదేళ్లు ఫీజుల సెక్షన్ చూశాను. పాఠాలు చెప్పిన రోజుల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఫీజుల బల్ల వెనక కూర్చున్నవాళ్లు మాత్రం ఎవరూ రాసినట్టు లేదు. రాస్తే మంచి పేరు రాదని కావచ్చు.

ఈ మధ్య మా మేనకోడలి స్నేహితురాలు ఒకమ్మాయి గుడివాడ దగ్గర ఒక కాలేజీలో సరిగ్గా నా ఉద్యోగంలోనే చేరింది. చేరిన వారానికి నన్ను చూడటానికి వచ్చింది.

"అసలక్కడ ఏం చెయ్యాలి ఆంటీ? సాఫ్ట్‌వేర్ నేర్పించారు, రసీదులు తియ్యడం నేర్పించారు. మిగతాది అదే అలవాటవుతుందన్నారు" అంది.

ఆ మిగతాదే అసలు ఉద్యోగం. ఒక మధ్యాహ్నమంతా చెప్పినా సగం కూడా చెప్పలేకపోయాను. అందుకని రాస్తున్నాను.

ఏటా పెరిగేది

మా కరస్పాండెంట్ ప్రసాదరావు గారు వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చారు. విజయవాడ గవర్నర్‌పేటలో ఎలక్ట్రికల్ సామాన్ల హోల్‌సేల్ వ్యాపారం చేసి, నలభై దాటాక కాలేజీ పెట్టారు. మూడంతస్తుల భవనం, వెనక సైకిల్ స్టాండు, ఒక కంప్యూటర్ ల్యాబు. మా పిల్లల్లో ఎక్కువమంది అమ్మాయిలు. విజయవాడ దాకా రోజూ పంపలేం అనుకునే ఇళ్ల నుంచి వచ్చేవారు. కౌలుకి చెరుకూ వరీ వేసేవాళ్ల పిల్లలు, ఆటో నడిపేవాళ్ల పిల్లలు, కొట్లలో గుమాస్తాల పిల్లలు.

ఫీజు ఏటా పెరిగేది. పెంచడానికి కారణాలు లేకపోలేదు. కంప్యూటర్లు పాతబడేవి. యూనివర్సిటీకి కట్టేది పెరిగేది. అన్నిటికంటే పెద్ద చిక్కు లెక్చరర్లతో. రెండేళ్లు మా దగ్గర పని నేర్చుకుని, విజయవాడ కోచింగ్ కాలేజీలవాళ్లు రెట్టింపు ఇస్తామనగానే వెళ్లిపోయేవారు. వేసవి సెలవుల్లో ప్రసాదరావు గారు నన్ను పిలిచి, "పద్మావతి గారూ, ఈసారి కూడా కొంచెం పెంచక తప్పదండీ" అనేవారు. నేను కాదంటే ఆగేది కాదు. అలాగని నేనెప్పుడూ కాదని చూడలేదు. ఆ మాట కూడా రాయాలి.

ప్రభుత్వం ఫీజు కట్టే పిల్లల సంగతి వేరు. ఆ జాబితాలో పేరు లేనివాళ్లు, ఉన్న పేరు ఏదో కారణంతో పోయినవాళ్లు నా బల్ల దగ్గరికి వచ్చేవారు. ఏడాదికి ఇరవై మందికి సగం ఫీజు తగ్గించడానికి కరస్పాండెంట్ గారు ఒప్పుకున్నారు. అడిగేవాళ్లు దానికి మూడింతలు ఉండేవారు. ఆ ఇరవై మంది ఎవరో తేల్చడం నా పని.

ముప్పై నాలుగు ప్రశ్నలు

నేను రాకముందు ఆ తేల్చడం ప్రసాదరావు గారే చేసేవారు. మనిషిని చూసి, రెండు మాటలు మాట్లాడి ఇచ్చేసేవారు. అది పద్ధతి కాదనిపించింది నాకు. రెండు పేజీల ఫారం ఒకటి తయారుచేశాను. అందులో ముప్పై నాలుగు ప్రశ్నలు. ఇల్లు సొంతమా అద్దెదా, పైకప్పు రేకులా స్లాబా, టీవీ ఉందా, ఫ్రిజ్ ఉందా, బండి ఉందా, తల్లి గృహిణా, ఉద్యోగినా, కూలికి వెళ్తుందా. ఒక్కో జవాబుకి ఇన్ని మార్కులని పెట్టాను. తర్వాత తల్లినో తండ్రినో వెంటబెట్టుకుని ఇంటర్వ్యూకి రావాలి. బల్లకి ఇటువైపు నేనూ, వైస్ ప్రిన్సిపాల్ గారూ కూర్చునేవాళ్లం. ఆ ఫారం చూసుకుని నేను చాలా గర్వపడ్డానని ఒప్పుకోవాలి. పక్క ఊరి కాలేజీవాళ్లు కాపీ అడిగితే జిరాక్స్ తీసి మరీ ఇచ్చాను.

మొదటి ఏడాది ఒక పెద్దమనిషి వెలిసిపోయిన చొక్కా వేసుకుని కొడుకుతో వచ్చాడు. కౌలు పొలం మునిగిందని చెబుతూ మధ్యలో మాట ఆగిపోయి, కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. నేనే లేచి మంచినీళ్లు ఇచ్చాను. మూడేళ్లూ సగం ఫీజే కట్టాడా అబ్బాయి. తర్వాత ఎప్పుడో ఒక పెళ్లిలో ఆయన కనిపించాడు. కైకలూరు వైపు ఆయనకి చేపల చెరువులు ఉన్నాయని పక్కన కూర్చున్నావిడ చెప్పింది. అవీ ఇవాళ్టివి కావట. ఆయన నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చి, ఏమాత్రం మొహమాటం లేకుండా, "మీ దయవల్ల మావాడి చదువు గట్టెక్కిందండీ" అని దణ్ణం పెట్టాడు.

ఇంటికెళ్లాక నాకు కోపం వచ్చింది. మరుసటి ఏడాది ఫారంలో ఇంకో నాలుగు ప్రశ్నలు చేర్చాను. తప్పు ప్రశ్నల సంఖ్యలో లేదని అప్పటికి నాకు తట్టలేదు.

హైమావతి

హైమావతి రెండో సంవత్సరం బీకామ్. మొదటి ఏడాది ఫీజు మొత్తం కట్టింది, మార్కులు కూడా బాగా వచ్చాయి. రెండో ఏడాది రాయితీ కోసం ఫారం పెట్టింది. ఇంటర్వ్యూకి తండ్రితో వచ్చింది. ఇస్త్రీ చేసిన చుడీదార్, నున్నగా దువ్వి వేసుకున్న జడ, చేతికి వాచీ. మనిషి నిటారుగా కూర్చుంది. ముందే చెబుతున్నాను, ఆ కూర్చోవడమే నాకు నచ్చలేదు. సాయం అడగడానికి వచ్చినట్టు లేదు అనుకున్నాను.

"ఇంట్లో ఫ్రిజ్ ఉందా?" అని అడిగాను.

"ఉందండి."

"బండి?"

"ఉందండి."

"అమ్మ ఏం చేస్తుంది?"

ఆ పిల్ల నా చేతిలో ఫారం వైపు చూసింది. "ఇంట్లోనే ఉంటుందండి."

గృహిణి అని టిక్ పెట్టాను. "మరి ఫీజు కట్టలేకపోవడం ఏంటమ్మా?"

తండ్రి ఏదో చెప్పబోయాడు. "నాది ఫ్యాక్టరీలో సీజను పనండీ. చెరుకు ఆడినన్ని నెలలే..." అని ఆగిపోయాడు. ఆయన తల ఎత్తలేదు. కూతురు ఆయన వైపు చూసి, మా వైపు తిరిగి, "ఈ ఏడు కొంచెం కష్టంగా ఉందండి" అంది.

వైస్ ప్రిన్సిపాల్ గారు నవ్వుతూనే, "కొంచెం కష్టం అందరికీ ఉంటుందమ్మా" అన్నారు.

"అవునండి" అని లేచింది. తండ్రి కూడా లేచాడు. అంతా కలిపి ఏడెనిమిది నిమిషాలు పట్టి ఉంటుంది. మార్కులు కూడితే ఆమెకి చాలా తక్కువ వచ్చాయి. జాబితాలో పేరు రాలేదు. దసరా సెలవుల తర్వాత ఆమె కాలేజీకి రాలేదు. నెల చూసి, రిజిస్టర్లో పేరు పక్కన "మానేసింది" అని రాశాం. ఏడాదికి అలాంటి పేర్లు ఐదారు ఉండేవి. నేను వాటి గురించి ఆలోచించేదాన్ని కాదు.

చీరల కొట్టులో

మరుసటి ఏడు మా అన్నయ్య వాళ్ల గృహప్రవేశానికి చీరలు కొందామని మా వదినతో గవర్నర్‌పేటలో ఒక బట్టల దుకాణానికి వెళ్లాను. పై అంతస్తులో పరుపుల మీద కూర్చున్నాం. చీరలు విప్పి చూపిస్తున్న అమ్మాయి నన్ను చూసి, "నమస్తే మేడమ్" అంది. అప్పుడు పోల్చుకున్నాను.

"హైమావతివి కదూ? చదువెందుకు మానేశావు?"

పెద్దదాన్ని కాబట్టి అడిగే హక్కు ఉందన్నట్టే అడిగాను. ఆమె చేతులు ఆగలేదు. ఒక చీర మడిచి పక్కన పెట్టి ఇంకోటి విప్పింది.

"ఫీజు కట్టలేక మేడమ్."

"మరి ఆ రోజు అంత ఇబ్బంది ఉన్నట్టు చెప్పలేదే నువ్వు?"

"ఫ్రిజ్ ఉందా అని అడిగారండి. ఉంది కాబట్టి ఉందన్నాను." గొంతులో కోపం లేదు. చీర ధర చెప్పినట్టే చెప్పింది. "అది అమ్మ పిండి పెట్టుకోడానికి కొన్నాం. ఇడ్లీ పిండి, దోసెల పిండి ప్యాకెట్లు కట్టి అమ్ముతుంది. మంచినీళ్ల సీసా పెట్టుకోడానిక్కూడా అందులో చోటుండదు. బండి మీద నాన్న పొద్దున్నే టిఫిన్ సెంటర్లకి వేసొస్తాడు. రెండూ వాయిదాల మీదే. గ్రైండరు వల్ల కరెంటు బిల్లు ఎక్కువొచ్చి ప్రభుత్వం ఇచ్చే ఫీజుకి మొదటి ఏడే అర్హత లేదన్నారు. అందుకే మీ దగ్గరికి వచ్చాం."

"ఆ మాట చెప్పొచ్చు కదమ్మా."

"ఫారంలో అమ్మ ఇంట్లో ఉంటుందా, ఉద్యోగమా, కూలికెళ్తుందా అనే ఉంది. పిండి రుబ్బుతుందని దేంట్లో చెప్పాలో తెలీలేదు. నాన్న పక్కన కూర్చుని ఉంటే, ఇంకా ఇంకా అడిగించుకోవాలనిపించలేదు."

మా వదినకి ఈ గొడవేమీ తెలియదు. "ఆ నెమలికంఠం రంగుది తియ్యమ్మా" అంది. హైమావతి లేచి వెనక అర వైపు వెళ్లింది.

తిరిగొచ్చాక గొంతు తగ్గించి అన్నాను, "మళ్లీ వచ్చి చేరు. ఫీజు సంగతి నేను చూస్తాను."

"వద్దు మేడమ్. నాన్నని మళ్లీ ఆ గదిలోకి తీసుకురాలేను." వదిన వైపు ఒకసారి చూసి, "నా ఇంటర్ సర్టిఫికెట్లు ఇప్పించండి చాలు. దూరవిద్యలో డిగ్రీ కడదామని రెండుసార్లు కాలేజీకి వచ్చాను. రెండో ఏడు ఫీజు బాకీ కడితేగాని ఇవ్వం అన్నారు" అంది.

ఆ రోజు ఏ చీరలు కొన్నామో నాకు గుర్తు లేదు.

బీరువాలో ఉన్నవి

మర్నాడు ఫీజు కౌంటర్లో పనిచేసే వెంకటరత్నం గారిని అడిగాను. ఆయన హైమావతి వాళ్ల ఊరి నుంచే రోజూ బస్సులో వచ్చేవారు. నాకంటే ముందు నుంచీ కాలేజీలో ఉన్నారు.

"హైమావతి వాళ్లమ్మ పిండి అమ్ముతుందని మీకు తెలుసా?"

"తెలుసండి. మా ఇంటికి వాళ్ల దగ్గరే తెచ్చుకుంటాం."

"మరి అప్పుడు నాకు చెప్పలేదేమండీ?"

ఆయన ఇబ్బందిగా చూశారు. "మీరు నన్ను అడగలేదు కదండీ. మీ ఫారంలో నేను రాసే చోటు కూడా లేదు" అన్నారు. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉన్నదే చెప్పారు. పన్నెండు అడుగుల దూరంలో కూర్చున్న మనిషికి తెలిసిన విషయం తెలుసుకోవడానికి నేను ముప్పై ఎనిమిది ప్రశ్నలు అచ్చు వేయించాను.

సర్టిఫికెట్లు ఆపే పద్ధతి నేను రాకముందు నుంచీ ఉంది. దాన్ని కట్టుదిట్టం చేసింది మాత్రం నేనే. చేరేటప్పుడు ఒరిజినల్స్ తీసుకోవడం, ఫీజు బాకీ ఉంటే బీరువాలో ఉంచేయడం. అలా ఆపకూడదని నిబంధన ఉందని మాకూ తెలుసు, మిగతా కాలేజీలవాళ్లకీ తెలుసు.

ప్రసాదరావు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన వినేంతవరకూ విన్నారు.

"ఆ పిల్లకి అన్యాయం జరిగింది, నేను కాదనను. ఒకరికి బాకీ కట్టకుండా ఇచ్చారని తెలిస్తే రేపు ఎవరు కడతారమ్మా? ఆ బీరువా తాళం తీసేస్తే జీతాలు ఎక్కణ్ణించి ఇవ్వమంటారు?"

ఆయన చెడ్డవారు కాదు. అబద్ధం కూడా చెప్పడం లేదు. ఒకటో తారీకున జీతాలివ్వడానికి ఆయన బావమరిది దగ్గర చేబదులు తీసుకున్న నెలలు నాకు తెలుసు. అలాగేనండీ అని వచ్చేశాను.

నాలుగు రోజులు ఊరుకున్నాను. ఐదో రోజు సాయంత్రం బీరువా తీసి హైమావతి కవరు బయటికి తీశాను. వెంకటరత్నం గారితో కలిసి వాళ్ల ఊరు బస్సెక్కాను.

రెండు గదుల ఇల్లు. ముందు వరండాలో గ్రైండరు తిరుగుతోంది. వాళ్లమ్మ పక్కనే కూర్చుని చేత్తో పిండి లోపలికి తోస్తోంది. నన్ను పరిచయం చేశాక కూడా గ్రైండరు ఆపలేదు. ఆపితే పిండి పాడవుతుందని తర్వాత వెంకటరత్నం గారు చెప్పారు. ఎడమ చేత్తో కుర్చీ చూపించింది. కవరు ఇచ్చాను. చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, తీసుకుంది.

"బాకీ కట్టకుండానే ఇస్తున్నారాండీ?"

"అవునమ్మా."

"తర్వాత ఎవరూ ఇంటికొచ్చి అడగరు కదండీ? వీధిలో అందరూ మా దగ్గర పిండి కొంటారు. ఎవరైనా వచ్చి అడిగితే బాగోదు."

ఎవరూ రారని చెప్పాను. ఆమె నమ్మినట్టు కనిపించలేదు. సంచిలోంచి కాగితం తీసి, బాకీ ఏమీ లేదని రాసి సంతకం పెట్టిచ్చాను.

ఆ మర్నాడు కరస్పాండెంట్ గారికి నేనే చెప్పాను. ఆ బాకీ నా జీతంలోంచి కట్టేస్తానన్నాను. వద్దంటారని మనసులో ఎక్కడో అనుకున్నాను. ఆయన మాత్రం, "కౌంటర్లో కట్టి రసీదు తీసుకోండి" అన్నారు. కట్టాను. దాన్ని దయ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నేను చేసిన తప్పుకి అది చాలా చవక.

సగం పేజీ

ఆ ఏడే పాత ఫారం తీసేశాను. కొత్తది సగం పేజీ. తల్లిదండ్రులు రానక్కర్లేదు. బల్ల ముందు కూర్చోబెట్టడం లేదు. "కిందటేడు కట్టగలిగి ఈ ఏడు కట్టలేకపోతే మధ్యలో ఏం మారింది?" అని ఒక ప్రశ్న. మొదటి ఏడాది పిల్లలకైతే, "ఇంట్లో ఎవరి సంపాదన మీద మీ ఫీజు ఆధారపడి ఉంది, అది ఏడాదికి ఎన్ని నెలలు వస్తుంది?" అని. ఇంటి దగ్గర తీరిగ్గా రాసి, కవర్లో పెట్టి ఇవ్వమన్నాం. కింద క్లాస్ టీచరూ, వెంకటరత్నం గారూ తమకి తెలిసింది రాయడానికి చోటు పెట్టాను.

ఎదురుగా ఉన్నప్పుడు "కొంచెం కష్టం" అన్న పిల్లలే కాగితం మీద వివరంగా రాసేవారు. నాన్న ఆటో ఫైనాన్సువాళ్లు తీసుకెళ్లారని ఒకరు. వరద నీళ్లు ఇంట్లోకి వచ్చి అమ్మ కుట్టుమిషన్లు రెండూ పాడయ్యాయని ఒకరు. మేం మళ్లీ మోసపోలేదని చెప్పను. ఒకరిద్దరు బాగానే కథలు రాశారు. చేపల చెరువుల ఆయన మీద వచ్చినంత కోపం మాత్రం నాకు మళ్లీ రాలేదు. ఆయన వల్ల కాలేజీకి కొంత ఫీజు పోయింది. ఆయనలాంటివాళ్లను పట్టుకుందామని నేను చేసిన ఏర్పాటు వల్ల ఒక పిల్ల చదువు పోయింది.

రాసిచ్చిన కాగితం

రెండేళ్ల తర్వాత ఒక జూన్‌లో హైమావతి చెల్లెల్ని తీసుకుని కాలేజీకి వచ్చింది. చెల్లెలి పేరు లావణ్య. హైమావతి అదే షాపులో పనిచేస్తూ దూరవిద్యలో బీకామ్ చదువుతోంది. వాళ్లు మళ్లీ మా కాలేజీకే వస్తారని నేను అనుకోలేదు. ఇంటికి దగ్గర కాలేజీ అదొక్కటే, వేరే దారి లేక వచ్చారు.

ఫీజు వివరాల కాగితం ఇచ్చాను. హైమావతి చదివి, "ఇది ఈ ఏడాదికి కదండీ?" అంది.

"అవును."

"మూడేళ్లకీ కలిపి ఎంతవుతుందో ఇప్పుడే రాసిస్తారా మేడమ్? నాకు మొదటి ఏడాది కట్టినంతే రెండో ఏడూ ఉండుంటే ఎలాగోలా కట్టేసేవాళ్లం. పెరిగిన దానికే చాల్లేదు మాకు."

అన్నేళ్లు ఆ బల్ల దగ్గర కూర్చుని ఎవరు ఎందుకు మానేస్తున్నారో నాకు తెలుసనుకున్నాను. ఈ మాట నాకు కొత్త. కాలేజీ లెటర్‌హెడ్ మీద, లావణ్యకి మూడేళ్లూ ఇదే ఫీజు అని రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసిచ్చాను. అధికారం లేకుండా చేసిన పని అది. చేస్తున్నప్పుడే తెలుసు.

మరుసటి జూన్‌లో ఫీజులు పెరిగాయి. లావణ్య ఆ కాగితం తెచ్చి పాత ఫీజు కట్టింది. వెంకటరత్నం గారు కాగితం నా దగ్గరికి తెచ్చి, "సంతకం మీదేనండీ" అన్నారు. సాయంత్రానికి కరస్పాండెంట్ గారి దగ్గర్నుంచి పిలుపొచ్చింది.

"ఎవర్ని అడిగి రాసిచ్చారమ్మా ఇది?"

"ఎవర్నీ అడగలేదండి."

"ఇది మీ కాలేజీయా?"

"కాదండి. సంతకం మాత్రం నాదే."

ఆయనకి కోపం వస్తే గొంతు పెరగదు, చిన్నదవుతుంది. "ఇంకెంతమందికి రాసిచ్చారు?"

"ఆ ఒక్కమ్మాయికే." అప్పటికి ఎన్నో ఏళ్లుగా చెప్పని మాట నోట్లోంచి వచ్చేసింది. "మీ షాపులో వైరు కట్టలు పెద్ద ఆర్డరు తీసుకుని, సగం పంపాక మిగతా సగానికి రేటు పెంచేవారాండీ?"

"పెంచితే మళ్లీ మన కొట్టుకి వస్తాడా?"

"వీళ్లు రాక తప్పదు కదండీ. సగం చదువు చదివేశారు, సర్టిఫికెట్లు మన దగ్గరున్నాయి."

ఆయన కాగితం నా వైపు తోశారు. "మీరు వెళ్లండి, నేను ఆలోచించుకోవాలి" అన్నారు. ఉద్యోగం పోయిందనే అనుకుంటూ బస్సెక్కాను. ఉద్యోగం పోలేదు. మరుసటి ఏడాది నుంచి, ఏ బ్యాచ్ పిల్లలు ఏ ఫీజుతో చేరితే మూడేళ్లూ అదే ఫీజు అని నోటీసు బోర్డులో పెట్టించారు. ఒరిజినల్స్ చూసి వెంటనే తిరిగి ఇచ్చేయడం కూడా అప్పుడే మొదలైంది. దాని మీద ఆయన నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

మిగిలిన ఖర్చు

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది. జరిగింది మాత్రం ఇంకా ఉంది.

పాతవాళ్లకి పెంచలేనప్పుడు, కొత్తగా చేరేవాళ్ల మీద ఒకేసారి ఎక్కువ వేశారు. ఆ ఏడాది అడ్మిషన్లు తగ్గాయి. ఫీజు కాగితం చూసి ఏమీ అనకుండా మడిచి వెళ్లిపోయినవాళ్లు ఎంతమందో నాకు తెలియదు. వాళ్లు నా రిజిస్టర్లో లేరు. లెక్చరర్ల ఇంక్రిమెంట్లు రెండేళ్లు ఆపేశారు. ఫిజిక్స్ చెప్పే సుధాకర్ రాజీనామా ఇచ్చి, వెళ్లేముందు నా గదికి వచ్చాడు. పిల్లలకి ఇష్టమైన మాస్టారు.

"మేడమ్, మీరు మంచిపని చేశారు, కాదనను" అన్నాడు. "పిల్లల మీద పడాల్సింది మా మీద పడింది. మా ఇంటి ఓనరు మూడేళ్లూ ఇదే అద్దె అని నాకు రాసివ్వలేదు."

అతను అన్నది నిజమే. చిన్న కాలేజీలో ఒకరికి తగ్గించిన బరువు ఇంకొకరు మోస్తారు. ఎవరు మోస్తున్నారో తెలుసుకుని తగ్గించడం వేరు, తెలియకుండా తగ్గించి సంతోషపడటం వేరు. నేను తెలియకుండా చేశాను. కొత్తగా చేరేవాళ్లు ఈ ఒక్క విషయంలో నాకంటే జాగ్రత్తగా ఉండాలి.

చివరి వేసవి

నేను రిటైరయ్యే ఏడాదే లావణ్య డిగ్రీ పూర్తయింది. మార్కుల జాబితాలు తీసుకోవడానికి వచ్చి రిజిస్టర్లో సంతకం పెడుతుంటే, అక్క ఎలా ఉందని అడిగాను.

"బాగుందండి. డిగ్రీలో ఒక పేపరు మిగిలిపోయింది. షాపులో సీజనప్పుడు సెలవివ్వరు కదండీ, పోయినసారి సరిగా చదవలేదు. మళ్లీ రాస్తోంది."

లావణ్య వెళ్లిపోయాక కూర్చుని లెక్క వేసుకున్నాను. హైమావతి చేరిన బ్యాచ్ పిల్లల్లో ఒకరిద్దరు అప్పటికి పీజీ కూడా చేసి ఉద్యోగాల్లో ఉన్నారు. చెల్లెలు చేరి, చదివి, డిగ్రీ తీసుకుని వెళ్లింది. అక్కకి ఇంకా ఒక పేపరు మిగిలి ఉంది. ఇన్నేళ్లలో నేను ఆమెకి సర్టిఫికెట్లు ఇచ్చాను, కాగితం రాసిచ్చాను. తప్పు నాది అన్న మాట మాత్రం ఒక్కసారి కూడా అనలేదు.

మర్నాడు పొద్దున ఆఫీసు ఫోన్ నుంచి ఆమెకి చేశాను. ఎత్తలేదు. షాపులో ఫోన్లు తీసి ఒకచోట పెట్టేస్తారని గుర్తొచ్చి ఊరుకున్నాను. సాయంత్రం నేను ఇంటికి బయల్దేరే వేళకి తనే చేసింది. ఆయాసపడుతోంది.

"మేడమ్, లావణ్య సర్టిఫికెట్లలో ఏమైనా తేడా వచ్చిందాండీ?"

"అదేం లేదమ్మా. అన్నీ సరిగానే ఉన్నాయి. నీతో ఒక మాట చెబుదామని చేశాను." ఎలా మొదలుపెట్టాలో తెలియక సూటిగానే చెప్పేశాను. "ఆ రోజు ఇంటర్వ్యూలో నేను చేసింది తప్పు. నువ్వు చదువు ఆపాల్సి రావడం నా వల్ల. ఇన్నాళ్లూ ఆ మాట నీతో చెప్పలేదు."

అవతల బస్సు హారన్లు వినిపించాయి.

"అందుకా మేడమ్ చేశారు?"

"అందుకే."

"మధ్యాహ్నం అన్నానికి దిగినప్పుడు చూశానండి కాలేజీ నంబరు. తిరిగి చేస్తే ఎంగేజ్ వచ్చింది. పాత బాకీ ఏదైనా బయటికి తీశారేమో, చెల్లి సర్టిఫికెట్లు వెనక్కి అడుగుతారేమో అనుకున్నాను. అన్నం కూడా తినలేదు. సరే మేడమ్. బస్సొచ్చింది, ఉంటానండి."

క్షమించానని ఆమె అనలేదు. అనాలని నేను అడగలేదు. ఫోన్ పెట్టేసి కూర్చుంటే, పంతొమ్మిదేళ్లలో ఆ నంబరు నుంచి నేను ఎన్ని ఇళ్లకి ఫోన్ చేశానో, అందులో ఎన్నిసార్లు చిన్న సంగతి కోసం చేశానో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను.

గుడివాడ కాలేజీలో చేరిన అమ్మాయికి నేను చెప్పగలిగిన పని సలహా ఇదొక్కటే. ఆ బల్ల మీద ఫోన్ నుంచి ఎవరి ఇంటికైనా చేసినప్పుడు, నీ పేరూ కాలేజీ పేరూ చెప్పడానికి ముందే, "కంగారు పడకండి, ఏమీ కాలేదు" అని చెప్పు. వాళ్లు ఎత్తకపోతే వెంటనే నీ సెల్ నుంచి అదే మాట మెసేజ్ పెట్టు. అసలు సంగతి తర్వాత తీరిగ్గా చెప్పొచ్చు.